బాలీ ప్యాకు

పురుగుమందుల కంపెనీ అద్దంకి డీలర్లను బాలీ దీవికి తీసుకెళ్తోందని తెలిస్తే చాలు, సెల్‌షాపు బిందుమాధవికి కాలు ఒకచోట నిలవదు. వచ్చినవాళ్ల ఫోను అందుకుని, చున్నీతో తుడిచి, రోమింగ్ ప్యాకు వేసి, అది ఆన్ అయిందని మెసేజ్ వచ్చేదాకా పెదవి కొరుకుతూ చూస్తుంది. "బాలీ సముద్రం ఇంట్లోవాళ్లకు చూపించండి" అని షాపు ముందు నల్లబోర్డు మీద సుద్దతో తనే రాసింది.

ఈసారి వెళ్లిన మర్నాడే డీలరు చలమయ్య ఫోన్ చేశాడు. "డేటా అయిపోయిందమ్మాయ్, ఇంకో ప్యాకు వెయ్యి."

"అప్పుడే అంత సముద్రం చూపించారా బాబాయ్?"

"సముద్రం కాదమ్మా. అక్కడ మనూళ్లో మబ్బు పట్టిందంట కదా. కల్లంలో మిరపకాయల మీద పట్టలు కప్పిందాకా మీ పిన్నిని వీడియో కాల్ పెట్టి తిరగమన్నా."

"మరి సముద్రం?"

"ఉందిలే, వెనకాల."

బిందుమాధవి ప్యాకు వేసిన మరుక్షణం స్టూలెక్కి, బోర్డంతా అరచేత్తో తుడిచేసి, ఆత్రంలో వంకరపోతున్న అక్షరాలతో కొత్తగా రాసింది: "బాలీలో కూర్చుని మీ కల్లం చూసుకోండి."