అమ్మ గోదావరి లోపలికి చూసిన రోజు

మా ఇంట్లో ఆరేళ్లు చేప వండలేదు. గోదావరి ఒడ్డునే ఊరు, ఊరంతా చేపల పులుసు వాసన, మా ఇంట్లో మాత్రం వంకాయ, పప్పు, మళ్లీ వంకాయ. చేపలమ్మే ఆమె మా వాకిలి దగ్గరికి వచ్చేసరికి కేక ఆపేసి, మమ్మల్ని దాటాక మళ్లీ అందుకునేది. ఆమెకు అమ్మంటే జాలీ ఉండేది, భయమూ ఉండేది.

కారణం మా మేనమామ. అమ్మకు ఒక్కడే తమ్ముడు. ఒక వానాకాలం అవతలి ఒడ్డు నుంచి పడవలో వస్తుంటే, నది నడుమ బండకు తగిలి పడవ తిరగబడింది. మిగతావాళ్లు బండను పట్టుకుని బతికారు. మామ కనిపించలేదు. ఊళ్లో మగవాళ్లంతా పర్ణశాల, భద్రాచలం దాటి ఇంకా కిందికి ఒడ్డు వెంట వెతుక్కుంటూ పోయారు. చెప్పు కూడా దొరకలేదు.

దొరకలేదు కాబట్టి పోలేదు అని అమ్మ తేల్చేసింది. ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడు, తలకు దెబ్బ తగిలి ఇంటి దారి మరిచిపోయి ఉంటాడు, ఒకరోజు వస్తాడు. సోది చెప్పే ఆమె కూడా "నీళ్లల్ల లేడు" అనేసరికి ఇక అమ్మకు ఎదురు చెప్పేవాళ్లు లేకుండా పోయారు. మా నాన్న నెమ్మదస్తుడు. ఆయన ఈ సంగతి మాట్లాడ్డమే మానేశాడు.

ఆ నమ్మకం బరువంతా పడింది అత్త మీద. అత్త అంటే మామ భార్య. పెళ్లయిన రెండేళ్లకే ఇది జరిగింది, పిల్లల్లేరు. అమ్మ ఆమెను మా ఇంటికి తెచ్చుకుంది. కన్నకూతురికంటే ఎక్కువ చూసుకుంది. ఆ కన్నకూతుర్ని నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. మంచి చీర వస్తే అత్తకే, మీగడ పెరుగు అత్తకే. కానీ ఆ ఇంట్లో అత్త గాజులు తీయకూడదు, మెట్టెలు తీయకూడదు. పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు మామ పేరు రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మామ కోసం ఎవరూ ఏడవకూడదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే కదా. ఒకసారి బట్టలు ఉతుకుతూ అత్త కళ్లు తుడుచుకుంటుంటే అమ్మ చూసి, "ఏందే, సబ్బు పడ్డదా?" అని అడిగింది. అత్త అవునంది. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరినీ కొట్టాలనిపించింది.

మా వాళ్లలో మారుమనువు కొత్తేం కాదు. దమ్మపేట దగ్గర అత్త పుట్టిల్లు. అక్కడ భార్య పోయిన ఒక రైతు, పామాయిల్ తోట ఉన్నవాడు, అత్తను చేసుకుంటానన్నాడు. అత్త వాళ్ల నాన్న ఆ కబురు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఆడబిడ్డ అయిన అమ్మ తన నోటితో సరే అనందే కూతుర్ని తీసుకుపోతే మర్యాద కాదని ఆయన పట్టింపు. అమ్మ ప్రతిసారీ ఒకటే మాట. "రేపు నా తమ్ముడొచ్చి నా పెండ్లమేది అక్కా అంటే ఏం జెప్పాలె?" ముసలాయన చాయ్ తాగి, కండువా దులుపుకుని వెళ్లిపోయేవాడు. నేను చెప్పబోయే ఎండాకాలం ఆయన వచ్చినప్పుడు మాత్రం, అవతలివాళ్లు వానలు పడేదాకే ఆగుతారని, తర్వాత వేరే సంబంధం చూసుకుంటారని చెప్పి పోయాడు. అమ్మ చెవిన వేసుకోలేదు.

నేను అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. రెండువేల ఏడో, ఎనిమిదో అయి ఉండాలి. ఆఫీసు వాళ్లతో కలిసి అండమాన్ పోయినప్పుడు నీళ్లలో ముఖం పెట్టి చూసే అద్దాలు కొనుక్కున్నాను. ముక్కు కూడా మూసే పెద్ద అద్దం, పక్కన నోట్లో పెట్టుకుని ఊపిరి తీసుకునే గొట్టం. ఊళ్లో గొప్పలు పోవడానికి తప్ప వాటితో పనేమీ లేదు. సెలవుకు వచ్చినప్పుడు పెట్టెలోంచి తీసి చూపిస్తే, అత్త వాటిని చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"దీంతోని నీళ్ల కింద కనవడ్తదా?"

"అవ్ అత్తా, సాఫ్‌గ కనవడ్తది."

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర మెల్లగా అంది. "ఒక పూట తిప్ప మీదికి పోదామా? చేపలు పట్టి ఆడ్నే కాల్చుకుందాం." ఆరేళ్లలో అత్త నోరు తెరిచి ఒకటి అడగడం నాకు గుర్తు లేదు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే మా ఊరి ఎదురుగా నది నడుమ ఇసుక తిప్ప ఒకటి తేలుతుంది. రేవులో పడవ నడిపే మా ఊరి పడవ అన్న దాని మీద దోస, పుచ్చ తీగలు పెట్టి, తాటాకు పాక వేసుకుంటాడు. మళ్లీ వరద వచ్చేదాకా అది ఆయన సొంత దీవి. ఆయన రమ్మంటేనే ఎవరైనా అక్కడ కాలు పెట్టేది. మామ పడవ తగిలిన బండ ఆ తిప్ప కొసనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, అత్తకు తెలుసు, పడవ అన్నకూ తెలుసు. ఎవరమూ ఎత్తలేదు.

అమ్మ ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకోలేదు కూడా. కానీ అత్త మొదటిసారి మొండికేసింది. అప్పుడు అమ్మ, "ఆ నీళ్ల మీదికి దీన్ని ఒక్కదాన్ని పంపిస్తనా? నేను గూడ వస్త," అని చెప్పులేసుకుంది. ఆరేళ్లుగా రేవు మొహం చూడని మనిషి. పడవలో నడిమధ్య కూర్చుని, తిప్ప వచ్చేదాకా అత్త కొంగు పిడికిట్లో పట్టుకుంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ప్రేమే, కాదనను. కానీ ఆ కొంగు పట్టుకున్నంతకాలం తమ్ముడు బతికే ఉంటాడన్న లెక్క కూడా అందులో ఉంది.

తిప్ప చేరాక కాసేపు మామూలు విహారం లాగే గడిచింది. పడవ అన్న మోకాటి లోతులో నిలబడి వల విసిరాడు. మొదటిసారి నాచు, రెండోసారి చిన్న పరిగె చేపలు, తర్వాత రెండు పెద్ద బొచ్చె చేపలు పడ్డాయి. అత్త ఇంటి నుంచి ఉప్పు, కారం, పసుపు, అల్లం ముద్ద చిన్న చిన్న పొట్లాల్లో కట్టుకొచ్చింది. ఒక గిన్నెలో అన్నం కూడా ఉంది. ఎవరి మీదా ఆధారపడకుండా అన్నీ తెచ్చుకుందే అని మురిసిపోయాను. ఆమె ఎందుకు అంత జాగ్రత్తగా తెచ్చుకుందో నాకు తట్టలేదు.

నేను అద్దాలు పెట్టుకుని నీళ్లలో బోర్లా తేలాను. పైనుంచి మట్టిరంగుగా కనిపించే గోదావరి లోపల లేతాకుపచ్చగా ఉంది. అడుగున ఇసుక సన్నని మడతలుగా ఉంది, దాని మీద నత్తలు పాకిన గీతలు, వేలెడంత చేపలు గుంపులుగా ఒకేసారి తిరగడం. తల పైకెత్తితే ఒడ్డున అమ్మ నిలబడి ఉంది.

"ఏముందే కింద?"

"ఇసుకనే అమ్మా. చిన్న చిన్న చేపలున్నయ్."

"ఇంకా?"

"నత్తలు."

"ఇంకా?"

హుషారులో ఉండి, ఏదో బడిపిల్లను అడిగినట్టు అడుగుతుందేంటని విసుక్కోబోయాను. అప్పుడు అమ్మ ముఖం చూశాను. ఆమె నావైపు చూడటం లేదు. బండ వైపు చూస్తోంది.

ఈలోపు అత్త నిప్పులు సిద్ధం చేసింది. నది కొట్టుకొచ్చిన ఎండు కట్టెలు కాల్చి, మంట తగ్గాక, ఉప్పూకారం పట్టించిన చేపల్ని అడ్డాకుల్లో చుట్టి నిప్పుల మీద పెట్టింది. ఆకు మాడిన వాసనతో పాటు చేప వాసన లేచింది. ఆరేళ్ల తర్వాత మా ఇంటివాళ్ల చేతి మీదుగా ఆ వాసన. నా నోట్లో నీళ్లూరాయి, దానికి సిగ్గు కూడా వేసింది. అమ్మ కాస్త దూరంగా, గాలికి ఎదురుగా పోయి కూర్చుంది.

చేపలు కాలాక అత్త విస్తళ్లు పరిచింది. పడవ అన్నకొకటి, నాకొకటి, తనకొకటి. అమ్మకు దోసపండు ముక్కలు పెట్టి ఒకటి. తర్వాత ఇంకో విస్తరి తీసి, బండకు దగ్గరగా నీళ్ల అంచున పరిచింది. అందులో అన్నం పెట్టి, పెద్ద బొచ్చెను ఆకు విప్పి పెట్టింది. పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

అమ్మ అంత జల్దీ లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"బతికున్నోనికి ఇస్తరేస్తవా?" గొంతు పెద్దగా లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "నా ముంగట్నే ఏస్తవా?"

అత్త విస్తరి దగ్గర్నుంచి కదలకుండానే చెప్పింది. "వదినా, ఉన్నడో లేడో నాకు తెల్వదు. ఆరేండ్ల నుంచి ఆయనకు బుక్కెడు బువ్వ పెట్టలె మనం. పెత్రమాసకు అందరికీ పెట్టినం, ఆయనకు పెట్టలె. గట్ల ఆకలితోని ఎన్నొద్దులు ఉంటడు?"

తమ్ముడు ఎక్కడో బతికి ఉన్నాడని అమ్మ ఎవరితోనైనా వాదించగలదు. తమ్ముడు ఆకలితో ఉన్నాడంటే మాత్రం ఓర్చుకోలేదు. విస్తరి వైపు చూసింది, బండ వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"అద్దాలియ్యి. నేను చూస్త."

వద్దని చెప్పాలనిపించింది. పడవ అన్న ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని, చీరతోనే నడుము లోతు నీళ్లలోకి, బండ పక్కకు తీసుకుపోయాం. అద్దాలు పెట్టాను. గొట్టం పళ్లతో ఎట్లా పట్టుకోవాలో చెప్పాను. అమ్మ రెండు చేతులూ బండ మీద ఆనించి, వంగి, ముఖం నీళ్లలో పెట్టింది.

గొట్టంలోంచి ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. లోపలికి, బయటికి. పడవ అన్న నావైపు చూశాడు. నాకు ఒకటే భయం. లేచి, "సూడుండ్రి, ఈడ లేడు. నేను జెప్పలేదా?" అంటుందని. అంటే ఇక అత్త బతుకు మా ఇంట్లోనే, ఆ గాజులతోనే. అమ్మ తల కొంచెం కొంచెం తిప్పుతూ బండ చుట్టూ వెతుకుతోంది. మేమూ ఆమెతో పాటు జరుగుతున్నాం. అక్కడ ఉన్నదల్లా ఇసుక. ఆరు వరదలు పోయిన చోట ఇంకేముంటుంది?

అప్పుడు గొట్టంలో ఊపిరి లయ తప్పింది. ముందు ఆగి ఆగి వచ్చింది, తర్వాత ఒక మూలుగు. గొట్టంలోకి నీళ్లు పోయాయేమోనని భుజం పట్టుకుని లేపబోయాను. అమ్మ నా చెయ్యి విదిలించింది. ఇంకోసారి ఆ శబ్దం వచ్చాక గానీ అర్థం కాలేదు. అమ్మ ఏడుస్తోంది. ఎవరికీ కనపడకుండా నీళ్లలో ముఖం దాచుకుని ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపు గొట్టంలోంచి బయటికి వచ్చేస్తోంది. సన్నగా, బొంగురుగా, తన గొంతులా కాకుండా. అది మాకు వినపడుతోందని ఆమెకు తెలియదు. పడవ అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. ఒడ్డున అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను అమ్మ నడుము గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆమె మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. తమ్ముడు రాడని ఆమెకు ఎప్పుడో తెలుసని, తెలిసీ ఇన్నాళ్లూ ఒక్కతే మోసిందని అప్పుడు అనిపించింది.

ఎంతసేపటికో లేచింది. అద్దాలు తీసి నాకిచ్చి, ఒడ్డెక్కింది. చీర నీళ్లోడుతుండగా నేరుగా ఆ విస్తరి దగ్గరికి పోయి కూర్చుంది.

"గిట్లనేనా పెట్టేది?" అంది అత్తను చూసి. "ముండ్లు దియ్యకుంటే వాడు తింటడా?"

నాకు తెలియని సంగతి అది. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే మామను అమ్మే పెంచింది. చేప ముల్లు గొంతులో ఇరుక్కుని ఒకసారి చావుదాకా వచ్చాడట. అప్పటి నుంచి అక్క తీసి పెడితేనే తినేవాడట, పెళ్లయ్యాక కూడా. ఇది అత్త తర్వాత చెప్పింది. అమ్మ బొచ్చెను విప్పి, వేళ్లతో తడిమి తడిమి ఒక్కొక్క ముల్లూ ఏరి ఇసుకలో పెట్టింది. మెత్తని కండ అంతా అన్నం మీదికి తీసింది. మళ్లీ ఒకసారి కండంతా నలిపి చూసుకుంది.

"తీసిన బిడ్డా. తిను," అంది.

నీళ్లు అంచుకు తగులుతుంటే విస్తరి కొస తడుస్తోంది. అమ్మ దాన్ని చూస్తూనే అత్తతో అంది.

"మీ నాయిన్ను రమ్మను. వానలు పడకముందే రమ్మను. నేను సరే అన్ననని చెప్పు."

అత్త అమ్మ పక్కనే ఇసుకలో కూలబడి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, గొంతెత్తి ఏడ్చింది. మామ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అమ్మ చేతులకు చేప జిడ్డు. అందుకని మణికట్టుతో అత్త జుట్టు నిమురుతూ, "ఏడ్వు పిల్లా," అంది. "నేనే ఏడ్వనియ్యలె నిన్ను. ఏడ్వు."