బొట్టు పెట్టిన మిషిను

రాజలింగు ఎదురైతే చాలు, "ఏమన్నా, రాత్రి నిద్ర పోలేదా?" అని అడిగేవాళ్లే అందరూ. నిద్రకేం, బాగానే పోతాడు. కరీంనగర్‌లో కూర్చొని ఆదిలాబాద్‌లో ఉన్న మిషినుకు వైద్యం చేసేవాడి ముఖం అట్లా కాక మరెట్లా ఉంటుంది? నాడి పట్టుకోనియ్యకుండా రోగం కుదర్చమంటే ధన్వంతరి అయినా దండం పెట్టి తప్పుకుంటాడు. రాజలింగు తప్పుకోలేదు. తప్పుకుంటే ఇల్లెట్లా గడవాలి మరి.

వాళ్ల బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. "బాయిల దిగుడు నాతోటే ఆఖరు" అని పంతంపట్టి కొడుకును చదివించాడు. కొడుకు డిగ్రీ చదివాడు, హైదరాబాద్ పోయి కంప్యూటర్ నేర్చుకున్నాడు, తిరిగొచ్చి పత్తి రైతుల సంఘంలో ఉద్యోగం సంపాదించాడు. సంఘం ఆఫీసూ చైర్మన్ భూపాల్‌రావూ కరీంనగర్‌లో. పత్తి దిగేది మాత్రం ఆదిలాబాద్ యార్డులో. ఏ రైతు పత్తి ఎంత తూగింది, ఏ బండి ఎప్పుడు వచ్చింది, అన్నీ ఎక్కే పెద్ద మిషిను కూడా అక్కడే. దానికి తోడుగా రాజలింగు ఏళ్ల తరబడి ఆదిలాబాద్‌లో కిరాయి గదిలో ఒంటరిగా ఉన్నాడు. చేతికాల్చుకొని వండుకున్నాడు. పెళ్లాం పిల్లలు కరీంనగర్‌లో ఉండిపోయారు.

తరువాత మోడెం అనే చిన్న డబ్బా వచ్చింది. టెలిఫోను తీగ మీదుగా కరీంనగర్ నుంచే ఆ మిషినుతో మాట్లాడవచ్చునన్నారు. రాజలింగు మూటాముల్లె సర్దుకొని ఇల్లు చేరాడు. "ఇప్పటికి ఇంటి మనిషివైనవ్" అంది అతని భార్య శంకరవ్వ. ఆ మాట అంటూ ఆమె నవ్విన నవ్వు కోసమైనా ఆ తీగకు దండం పెట్టవచ్చుననుకున్నాడు రాజలింగు.

అక్కడ మిషిను ముందు కూర్చునేందుకు అనసూర్య ఉంది. ఆమె భర్త సంఘంలోనే కాంట దగ్గర తూకం పనిచేసేవాడు. లారీ కింద పడి పోయాడు. ఇంటరు దాకా చదివిన పిల్ల కదా అని ఆమెకు తాత్కాలికంగా ఈ పని ఇచ్చారు. కీబోర్డు మీద వేళ్లు పెట్టడం నేర్పింది రాజలింగే. "ఈ దసరా దాటనీ, పర్మనెంట్ చేద్దాం. అప్పటిదాంక ఒక్క తప్పు రావద్దు" అని భూపాల్‌రావు మాటిచ్చాడు. తప్పు రావద్దట! తప్పు రాని మిషినునూ మనిషినీ ఆయన ఎక్కడ చూశాడో ఏమో. అనసూర్య మాత్రం ఆ మాటను కొంగున కట్టుకొని బతుకుతోంది. ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. ఆ ఉద్యోగం పోతే ఆమెకు మిగిలేది కూలిపనే. ఆ సంగతి రాజలింగుకు బాగా తెలుసు.

తొంభై ఆరులో, దసరా ముందర, మిషినును అమ్మిన కంపెనీ ఒక టేపు ఉచితంగా పంపింది. మిషినును లోపలి నుంచి నడిపించే సరంజామా అంతా అందులో కొత్తగా ఉందట.

"ఫుకట్‌కు వచ్చింది గద, ఎక్కియ్యి" అన్నాడు భూపాల్‌రావు.

"నడుస్తున్నదాన్ని కెలుకుడు ఎందుకు సార్?"

"కొత్తది ఇంట్ల పెట్టుకొని పాతది వాడేటోణ్ని నిన్నే చూస్తున్న."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? కానీ చైర్మన్లకు సామెతలు చెప్పే ధైర్యం జీతగాళ్లకు ఉండదు. రాజలింగు ఆదిలాబాద్ వెళ్లి, పాతదంతా ఒక టేపు మీదికి భద్రంగా ఎత్తి బీరువాలో పెట్టించి, కొత్త టేపు మిషినులో బిగించి వచ్చాడు. మిగతా పని కరీంనగర్ నుంచి చేయవచ్చు. ఏ రోజు చేయాలి? దసరా మర్నాడు కొత్త సీజనుకు యార్డు తెరిచాక మిషినుకు ఊపిరి సలపదు. దసరా నాడైతే తూకాలుండవు, టెలిఫోను లైన్లు ఖాళీగా ఉంటాయి. ఆ రోజే ఖాయం చేసుకున్నాడు.

అనసూర్యకు చెప్పలేదు. చెబితే పండుగ పూట కూడా ఆఫీసుకొచ్చి మిషినుకు కాపలా కూర్చుంటుంది, ఆమె సంగతి తనకు తెలియనిదా? పిల్లలతో నాలుగు బూరెలు తిననీ పాపం అనుకున్నాడు. జాలితోనే చెప్పలేదు. కొన్ని జాలులు ఎంత పని చేస్తాయో ఆ పూట అతనికి తెలియదు.

పండుగ పొద్దున తలస్నానం చేసి ఆఫీసుకు బయలుదేరుతుంటే శంకరవ్వ గుమ్మంలో నిలబడింది.

"దసరా నాడు గూడ కొలువేనా? ఆ మిషిన్ను చేసుకోకపోయినవ్, నన్నెందుకు చేసుకుంటివి?"

"జర్రసేపు. జమ్మి యాళ్లకు వస్త."

ఆఫీసులో ఒక్కడే కూర్చొని పని మొదలుపెట్టాడు. అంతా సవ్యంగానే సాగింది. పాతవి ఒక్కొక్కటి తొలగిపోతున్నాయి, కొత్తవి వాటి చోట్లో కూర్చుంటున్నాయి, తెర మీద ఒక్కో వరుసా పైకి జరుగుతోంది. ఉన్నట్టుండి ఆగింది. లైను పోయిందనుకున్నాడు. మళ్లీ కలిపాడు. అవతల ఫోను మోగుతోంది గానీ మోడెం ఎత్తడం లేదు. ఇంకోసారి. ఇంకోసారి. లాభం లేదు. చివరికి మిషిను గదిలోనే ఉన్న ఆఫీసు ఫోనుకు చేశాడు, ఎవరూ ఉండరని తెలిసి కూడా.

ఎత్తారు. వెనక డప్పు చప్పుడు, జనం గోల.

"సార్! దసరా శుభాకాంక్షలు సార్!" అనసూర్య గొంతు.

"నువ్వేంది ఆడ?"

"పూజ సార్. హమాలోళ్లందరు వచ్చిన్రు. కాంటకు చేసినం, గింజ తీసే జిన్నింగు మిషిన్లకు చేసినం. ఇగో, మన కంప్యూటర్‌కు గూడ. బంద్ చేసి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండేసిన. బ్యాటరీ డబ్బాకు గూడ బొట్టు పెట్టిన సార్."

రాజలింగుకు సంగతి అర్థమైంది. మెయిన్ స్విచ్చు దగ్గర్నుంచీ అన్నీ ఆపేశారు. సగం పాతది పోయి, సగం కొత్తది రాక, పెంకులు తీసి కొత్తవి కప్పకముందే మేస్త్రీ ఊరెళ్లిపోయిన ఇల్లులా నిలబడి ఉంటుంది అది.

కోపం రావాలి కదా? వచ్చింది. అనసూర్య మీద కాదు, తన మీద. దసరా నాడు పనిముట్టును ఆపి, కడిగి, బొట్టు పెడతారని తెలియనివాడు తెలంగాణలో ఎవడైనా ఉంటాడా? వాళ్ల బాపు తట్టా గడ్డపారా కడిగి దేవుడి మూలన పెట్టి, తెల్లారేదాకా ఎవ్వరినీ తాకనిచ్చేవాడు కాదు. ఆ బాపు కొడుకై ఉండి ఈ రోజే దొరికిందా తనకు! కంప్యూటరు కూడా పనిముట్టేనని ఆ చదువురాని హమాలీలకు తట్టింది, ఈ పెద్దమనిషికి తట్టలేదు.

సంగతి చెప్పాడు. అవతల డప్పు మోగుతూనే ఉంది. "నా కొలువు పోతదా సార్?" అంది అనసూర్య.

"పోదు. నేనున్న గద. ముందుగాల మిషిన్ చాలు చేద్దాం పట్టు."

మిషినును మళ్లీ నడిపించాలంటే హమాలీల పెద్ద గట్టయ్య ఒప్పుకోవాలి గదా! అనసూర్య చేతిలోంచి అతనే ఫోను అందుకున్నాడు.

"సారూ, పూజల కూసున్నదాన్ని ఎట్ల లేపుతం? జమ్మికి పోయొచ్చినంక దండం పెట్టి తీస్తం. గంతదాంక ముట్టుడు లేదు."

"గట్టన్నా, రేపు యార్డు తెరుస్తరు, బండ్లొస్తయి..."

"గందుకే చెప్తున్న. ఏడాదంత నడవాలె గద అది. ఒక్క పూట కూసోనియ్యి."

బాపు బతికి ఉన్నా ఇదే మాట అనేవాడు. ఇంక వాదించేదేముంది? రాజలింగు ఒప్పుకున్నాడు. ఇంటికి పోబుద్ధి కాలేదు. శంకరవ్వకు ఏమని చెబుతాడు? ఖాళీ ఆఫీసులో బల్ల మీద తలపెట్టి పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఈ మిషిన్లు ఎప్పటికైనా తనను మనిషిలా బతకనిస్తాయా అని ఆలోచించాడు. ఇయ్యవనే తోచింది. వీధిలో కొత్తబట్టల పిల్లలు అరుస్తూ పోతున్నారు. వాళ్లలో తన పిల్లలున్నారేమోనని ఒకసారి లేచి కిటికీలోంచి చూశాడు కూడా.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. అనసూర్యే. జమ్మి చెట్టు దగ్గరి నుంచి ఉరికొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "గట్టన్న దండం పెట్టి కొబ్బరికాయ కొట్టిండు సార్. తియ్యమన్నడు. చెప్పుండ్రి, ఏం చెయ్యాలె?"

అప్పటి నుంచి మొదలైంది యాతన. బీరువాలోంచి పాత టేపు తీయించాడు. ఫ్లాపీ పెట్టించి మిషినును లేపించాడు. అతను ఇక్కడ ఒక్కో అక్షరం పలకడం, ఆమె అక్కడ నొక్కడం, తెర మీద ఏమొచ్చిందో చదివి వినిపించడం. మధ్యలో ఫోను కట్టవడం, మళ్లీ కలపడం. ఒకసారి అంతా చేశాక మిషిను ఏదో అడిగి మొండికేసింది. మళ్లీ మొదటికి వచ్చారు. అతని చెవి కాలిపోతోంది, ఆమె గొంతు బొంగురుపోయింది. ఇద్దరిలో ఒక్కరూ విసుక్కోలేదు. విసుక్కుంటే ఇంకోరు ఏడ్చేటట్టున్నారు మరి.

"టేపు తిరుగుతున్నదా?"

"చప్పుడైతుంది సార్. వింటరా?" అని ఆమె ఫోను రిసీవరును మిషినుకు ఆనించింది.

గర్రుగర్రుమని తిరుగుతున్న ఆ చప్పుడును రాజలింగు కళ్లు మూసుకొని విన్నాడు. పాతదంతా తిరిగి తన చోటికి చేరుతోంది. అది ఆగాక మిషినును ఇంకోసారి ఆపి లేపమన్నాడు.

"వచ్చింది సార్!" అని అనసూర్య కేకపెట్టింది. "అన్నీ ఉన్నయి! రైతుల పేర్లున్నయి, కిందటి సీజన్ తూకాలున్నయి. అన్నీ ఉన్నయి సార్!"

ఆమె నిజంగానే ఏడ్చింది. రాజలింగు ఏడవలేదు గానీ, అంతకంటే అలసిపోయి ఉన్నాడు.

ఇంతటితో అయిపోతే ఎంత బాగుండేది! మర్నాడు యార్డు తెరిచారు, బండ్లొచ్చాయి, మిషిను నడిచింది. గట్టయ్య సంబరం పట్టలేక, భూపాల్‌రావు యార్డుకు రాగానే "పూజ మహిమ సారూ, బంద్ చేసినంక సచ్చిన మిషిన్ మళ్ల లేచింది" అని ఊరంతా వినేటట్టు చెప్పాడు. సాయంత్రానికి భూపాల్‌రావు కరీంనగర్ వచ్చి రాజలింగును గదిలోకి పిలిచాడు.

"బంద్ చేసిందెవరు? ఆ పిల్లనేనా?"

ఔనంటే ఆమె పర్మనెంటు గాలికి పోతుందని రాజలింగుకు తెలుసు.

"తప్పు నాది సార్. దసరా నాడు పెట్టుకున్నది నేను, ఎవ్వరికి చెప్పంది నేను. పండుగ నాడు మిషిన్ బంద్ చెయ్యకుంట ఎవరుంటరు? ఆమెననేదేం లేదు."

భూపాల్‌రావు కేకలేస్తాడనుకున్నాడు రాజలింగు. వేయలేదు. "నిజమే. దూరం కెల్లి నడిపిస్తే గిట్లనే ఐతది. నువ్వు ఆడనే కూసుంటే ఈ పరేషాన్ ఉండకపోవు. సోమవారం కెల్లి ఆదిలాబాద్ పో" అన్నాడు.

ఆ మాట ఇంట్లో ఎట్లా చెప్పాడో అతనికే తెలియదు. శంకరవ్వ అరవలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా నిలబడి, "ఒకామె కొలువు నిలబెట్టనీకి నా ఇల్లు ఖాళీ చేసినవ్. మంచిగనే చేసినవ్ లే. ఆమెకు ఎవరున్నరు" అంది. తర్వాత మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. బస్సెక్కే పూట మాత్రం సద్ది కట్టి ఇచ్చింది.

జగిత్యాల, నిర్మల్, గతుకుల ఘాట్ రోడ్డు. ఇల్లు పోయినా ఒక మంచి పని చేశానన్న ఊరట ఒక్కటే దారిపొడుగునా అతనికి తోడుగా ఉంది. సోమవారం పొద్దున యార్డులో అడుగుపెట్టి మిషిను గదికి పోతే అనసూర్య లేచి నిలబడింది. బల్ల మీద సామాను సర్ది ఉంది. ఆమె సద్ది డబ్బా, చిన్న దేవుడి పటం చేతిసంచిలో పెట్టుకొని ఉంది.

"రాండ్రి సార్. మీ కోసమే ఆగిన. ఫ్యాన్ స్విచ్ జర గట్టిగ నొక్కాలె, ఊకె ఊడొస్తది. ఈ కీ బీరువాది."

"ఏడికి పోతున్నవ్?"

"జిన్నింగుల. సీజనంత ఉంటదట పని." ఆమె చిన్నగా నవ్వింది. "మీరే వస్తున్రు గద సార్, ఒక్క మిషిన్‌కు ఇద్దరెందుకు అన్నడు చైర్మన్ సారు."

జిన్నింగు షెడ్డులో దూది దుమ్ము ఎట్లా ఉంటుందో రాజలింగుకు తెలుసు, ఆ దుమ్ము పీల్చినవాళ్ల దగ్గూ తెలుసు.

"నేను మాట్లాడుత" అన్నాడు. "ఇప్పుడే ఫోన్ చేస్త. నేను పోత, నువ్వు ఉండు."

"వద్దు సార్. చైర్మన్ సారే గట్టన్నతోటి అన్నడట, మీరు నా పేరు ఎత్తనియ్యలేదని. గంత చేసిన్రు. అది చాలు."

అయినా అతను ఫోను చేశాడు. "ఏమయ్యా, నిన్ను పంపింది నువ్వు తప్పు చేసినవనే గద. ఇప్పుడు మళ్ల ఆమెకు అప్పజెప్తనంటవా?" అని భూపాల్‌రావు పెట్టేశాడు. తప్పు తనదేనని చెప్పిందీ తనే.

అనసూర్య ముఖానికి తువ్వాల కట్టుకొని షెడ్డు వైపు నడిచింది. బయట బండ్లు బారులు తీరాయి, గట్టయ్య పేరు పేరునా రైతులను కేకేస్తున్నాడు. రాజలింగు ఆమె కుర్చీలో కూర్చొని మొదటి తూకం ఎక్కించాడు. ఆ రోజంతా మిషిను ఏ పేచీ పెట్టకుండా నడిచింది.