మా అమ్మాయి ప్రెప్ సీటుకు నేనిచ్చిన ఇంటర్వ్యూ

పరువు పోగొట్టుకోవడానికి పెద్ద పెద్ద తప్పులే చేయనక్కర్లేదండీ. ఐదేళ్ళ పిల్లను గవర్నమెంటు బడిలో చేర్చడానికి వెళ్ళినా చాలు. నేను వెళ్ళాను, పరువు అక్కడే వదిలేసి వచ్చాను. ఎలాగో చెబుతాను, కాసేపు నవ్వుకోండి.

అప్పటికి మేం బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కాపురం పెట్టి మూడు నెలలు. మా మేఘన ప్రెప్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు క్లాసులో, చేరాలి. "పాపను తీసుకుని ప్రిన్సిపాల్‌ని కలవండి" అని స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. కలవడమంటే ఇంటర్వ్యూ కాక ఇంకేమిటి! కొడుకు ఎల్‌కేజీ సీటు కోసం విజయవాడలో మా అన్నయ్య పరీక్ష రాసి తప్పిన వంశం మాది.

వారం రోజులు ఇంట్లో కోచింగ్ సెంటర్ నడిపాను.

"ఆస్ట్రేలియా రాజధాని?"

"కాన్‌బెర్రా."

"పదమూడో ఎక్కం?"

"ఐ వాంట్ టు ప్లే, నాన్నా!"

"సీటొచ్చాక ఆడుకుందువుగాని."

మా ఆవిడ మాధవి ఉండబట్టలేక, "ఏవండీ, ఈ ఏరియాలో ఉంటే చాలు, చేర్చుకుంటారట" అంది.

"సీటు ఊరికే ఎవరిస్తారే? నీకేం తెలీదు, ఊరుకో" అన్నాను. తెలియనిది ఎవరికో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మండే ఎండలో కోటు, టై. చంకలో ఫైలు. అందులో నా టెన్త్ మార్కుల లిస్టు నుంచి మాధవి సంగీతం సర్టిఫికెట్ దాకా ఉన్నాయి. ప్రిన్సిపాల్ గేటు దగ్గర నిలబడి పిల్లలందరినీ పేరుపేరునా పలకరిస్తోంది. మా హెడ్మాస్టారికి మేమందరం "ఒరేయ్"లమే! ఆవిడ మమ్మల్ని గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ వదిలేసి మేఘన ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నీకేమంటే ఇష్టం, మేఘనా?"

సిలబస్‌లో లేని ప్రశ్న! పిల్ల బిక్కమొహం వేసింది. నేను ఆగుతానా?

"మ్యాథ్స్, మేడమ్! పదమూడో ఎక్కం వరకూ..."

"నో వర్రీస్. తననే చెప్పనిద్దాం" అందావిడ.

"కాన్‌బెర్రా" అంది మేఘన.

మాధవి తల పట్టుకుంది. నేను ఫైలు తెరిచాను. ప్రిన్సిపాల్ ఓపిగ్గా అంతా తిరగేసి, "చాలా చదువుకున్నారు! మీ అడ్రస్ ఉన్న కాగితం ఏదైనా ఉందా? కరెంటు బిల్లయినా సరే" అంది.

లేదు. ప్రపంచంలోని కాగితాలన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. బిడ్డ సీటు నా చేతులతో నేనే పోగొట్టానని నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతలో మేఘన కిటికీ దగ్గరకు పరుగెత్తింది. "దట్స్ మై హౌస్! అదిగో, అమ్మ చీర ఆరేసింది!"

ప్రిన్సిపాల్ తొంగి చూసింది. గాలికి ఊగుతున్న పసుపుపచ్చ చీరను చూసి పకపకా నవ్వింది. "అయితే ఇది నీ బడే. బిల్లు ఆర్వో తెచ్చివ్వండి, తొందరేం లేదు." ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ యాసలో మధ్యాహ్నం.

ఎంత చదివారు, ఎంత సంపాదిస్తారు, ఇంట్లో ఏ భాష అని అడగకుండా, పక్కింటి పిల్లవు కాబట్టి మా పిల్లవే అన్న బడిని నేను చూడటం అదే మొదలు. ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేశాను కూడా.

"మేఘనా, నన్నేమైనా అడుగుతావా?"

"కెన్ నాన్న కమ్ టూ? హీ నోస్ ఆల్ ది ఆన్సర్స్."

"సారీ డార్లింగ్, నాన్నకు వయసు మించిపోయింది."

అక్కడికక్కడే కోటు విప్పి ఒట్టు వేసుకున్నాను. మా అమ్మాయిని అడిగిన ప్రశ్నకు ఈ జన్మలో నేను జవాబు చెప్పను. అది బాగా చదువుతోందా అని మీరు అడగబోతున్నారేమో, దయచేసి దాన్నే అడగండి.