పొట్ట బిగబట్టిన మనిషి కొలత

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్ళే బస్సులో ఈ మధ్య ఎవరూ పక్కవాడి జీతమెంతో అడగడం లేదు. వెనకటికి ఊరు దాటేలోపే జీతం, కులం, పిల్లల చదువు అన్నీ రాబట్టేవాళ్ళు. అప్పుడు విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నా జీతం రహస్యంగానే ఉండిపోయింది. దాచుకునేంత జీతమూ కాదు.

రెండేళ్ల కిందట, వారానికి రెండు రోజులు మిర్యాలగూడలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో సైకాలజిస్టుగా పనిచేసేవాణ్ణి. మందులు రాసేది డాక్టరుగారు. ప్రశ్నలడిగి మార్కులు వేసేది నేను. సైదులు అప్పుడే వచ్చాడు. పెన్‌పహాడ్ దర్జీ, అరవైకి దగ్గర పడ్డాడు, భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. చేతిలో బట్టలషాపు కవరు, అందులో రెండు ఫైళ్ళు. సూర్యాపేట డాక్టరు డిప్రెషన్ అన్నాడు. కోదాడ డాక్టరు స్కిజోఫ్రెనియా అని గట్టి మాత్రలు రాశాడు. వాటితో చేతులు వణికి, సూదిలోకి దారం ఎక్కడం లేదు. జబ్బేదో తేలకపోతే కుట్టుమిషన్ మూలన పడేట్టుంది.

నేనూ, నాతో పనిచేసే మేడమూ ఒకే ఇంటర్వ్యూ విని విడివిడిగా మార్కులు వేశాం. ఇద్దరికీ సరిగ్గా ఒకే అంకె వచ్చింది. దీన్ని రిలయబిలిటీ అంటారు: ఎవరు కొలిచినా ఒకే కొలత రావడం. చెవిలో మాటలు వినిపిస్తాయన్నాడు కాబట్టి కోదాడ డాక్టరే కరెక్టని తేల్చి, ఆ సంతోషంలో చెరో సమోసా తిన్నాం.

రెండు వారాలకు అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాను. ఈసారి మాటలేవీ వినిపించడం లేదు. ఎదురింటివాళ్ళు తిండిలో మందు పెట్టారట. నేను ఫారం తిప్పుతుంటే ఆయన నా భుజం వైపే చూస్తున్నాడు.

“సార్, అంగి రెడీమేడా? ఎడమ భుజం అరంగుళం జారింది.”

“నా భుజమే అంత.”

“భుజంది తప్పులేదు సార్. మిమ్మల్ని కొలవకుండ కుట్టిన్రు.”

ఫారం మూసేశాను. గంటసేపు కాలర్ల గురించి, కాజాల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో, మాటలు నిజంగానే వినిపిస్తాయా అని అడిగాను.

“యాడియి సార్. సూర్యాపేటల నిద్ర వడ్తలేదన్న. అది నిజమే. గోళీలేస్తే నిద్రొచ్చింది, బాగైందన్న. ఇగ రానక్కర్లేదన్నడు ఆడి డాక్టరు. గందుకే కోదాడల వేరేది జెప్పిన.”

“మరి మేమిద్దరం కొలిస్తే ఒక్కటే వచ్చింది గదా?”

“టేపు ఏం జేస్తది సార్, కొలతిచ్చేటోడు పొట్ట లోపటికి గుంజుకుంటే? గందుకే మేం ముచ్చట వెట్టుకుంట కొలుస్తం. మాటల్ల వడితే పొట్ట వదుల్తడు.”

కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా అన్నదాన్ని వాలిడిటీ అంటారు. దానికి ఇంతకంటే మంచి వివరణ నేను చదివిన పుస్తకాల్లో లేదు. మేమిద్దరం తప్పును చాలా కచ్చితంగా కొలిచామన్నమాట.

డాక్టరుగారు ఆయనతో తీరిగ్గా మాట్లాడి, మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు. రెండు నెలలకు వచ్చినప్పుడు సైదులు నా ముందే సూదిలోకి దారం ఎక్కించి చూపాడు, ఒక్కసారికే. నేను ఫైలు తెరిచి రాశాను. ఒక్కడే ఉంటాడన్న సంగతికి మా ఫారంలో గడి లేదు; చిరునామా కింద రాశాను.

“ఏం రాసిన్రు సార్?”

“జబ్బేమీ లేదని.”

ఆయన సూదిని కాలరు వెనక గుచ్చుకుని, ఫైళ్ళు మాకిచ్చేశాక ఖాళీ అయిన కవరు నాలుగు మడతలు పెట్టాడు.

“అంటే ఇగ రావద్దంటున్నరు.”