తగిలిందని చెప్పిన రత్నం

గుడివాడలో ఒక కాలేజీ మైదానం... ముగ్గుపిండితో గీతలు గీసిన చెడుగుడు బరి... చుట్టూ జనం. మా చిన్నప్పటి మాట ఇది. తొంభైల్లో, నేను తొమ్మిదో తరగతి చదువుతున్న రోజులు.

మాది దివిసీమ. నేనూ ఆడే మా హైస్కూలు అమ్మాయిల జట్టుకు రత్నం కెప్టెన్. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో చేపలమ్మేది. రత్నం సన్నగా ఉండేది కానీ, కూతకు వెళ్ళిందంటే ఎంతమంది పట్టుకున్నా జారిపోయి వచ్చేసేది...

ఆ రోజు గెలిస్తే బందరులో జిల్లా పోటీలకు వెళ్తాం. అక్కడ బాగా ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు రావచ్చని మా డ్రిల్లు మాస్టారు చెప్పారు. పదో తరగతి తర్వాత రత్నం చదువు సాగాలంటే కనిపించే దారి అదొక్కటే.

పొద్దున మగపిల్లల ఆట. ఒక జట్టు కెప్టెన్ అవుటని రిఫరీ గారు ఈల వేస్తే ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. గీతను కాలితో చెరిపేసి, ఆయన మీదమీదకి వెళ్ళి వాదించాడు. రిఫరీ గారు ఓపిగ్గా విన్నారు. గీత దగ్గర నిలబడ్డ మాస్టార్లను పిలిచి అడిగారు. తీర్పు మార్చారు. జనం ఒకటే చప్పట్లు... కుర్రాడికి పౌరుషముందని మా పక్కనున్న పెద్దాయన మురిసిపోయారు. మేమూ చప్పట్లు కొట్టాం.

క్యారేజీలో తెచ్చుకున్న పులిహోర తిని, మరచెంబులో నీళ్ళు తాగి, మధ్యాహ్నం మేం బరిలోకి దిగాం. రిఫరీ ఆయనే.

ఆట సగం దాటాక రత్నం కూతకు వెళ్ళింది. అవతలి గుడివాడ వైపు జట్టులో సునీత అని ఒక పొడుగాటి అమ్మాయి రత్నం నడుం పట్టేసింది. రత్నం కిందపడింది. అయినా కూత ఆపకుండా పాక్కుంటూ వచ్చి నడి గీత మీద చెయ్యి వేసింది... ఈల మోగింది. రత్నం అవుటన్నారు.

రత్నం లేచి, మోచేతుల మట్టి దులుపుకుని, రిఫరీ గారి దగ్గరికి నడిచి వెళ్ళింది. అరవలేదు. చెయ్యి గీతకు తగిలిందని చెప్పింది, అంతే. ఆయనకు కోపం వచ్చేసింది. ఆడపిల్లవై ఉండి ఎదురు మాట్లాడతావా, వెళ్ళి కూర్చోమన్నారు. జనంలోంచి ఎవరో ఎంత పొగరో చూడండన్నారు. పొద్దున మురిసిపోయిన పెద్దాయన కూడా, ఇంట్లో ఇలాగేనా పెంచేది అని విసుక్కున్నారు.

రత్నం అక్కడినుంచి కదల్లేదు.

"పొద్దున ఆ అబ్బాయి అడిగితే విన్నారు గదండీ. నేను చెప్పేదీ వినండి. విన్నాక కూడా అవుటంటే వెళ్ళిపోతాను."

మా మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతున్నారు. రిఫరీ గారు ఏదో అనబోయేలోపు సునీత ముందుకొచ్చింది.

"తగిలిందండీ. పట్టుకున్నది నేనే గదా, నేను చూశాను."

వాళ్ళ టీచరు గుడ్లురిమి చూశారు. రిఫరీ గారు పాయింటు మాకిచ్చారు.

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూత సునీతది. మేం చేతులు పట్టుకుని నిలబడ్డాం. రత్నం చెయ్యి నా చేతిలోనే ఉంది. సునీత వెనక్కి వెళ్తూ వెళ్తూ కాలు చాచింది. తన వేలు రత్నం మడమకు తగిలిందని చెప్పింది. రిఫరీ గారు చూడలేదు. తల అడ్డంగా ఊపేశారు. ఎవరూ రత్నాన్ని ఏమీ అడగలేదు.

రత్నం నా చెయ్యి వదిలేసింది. "తగిలిందండీ" అని, గీత దాటి బయటికి వెళ్ళిపోయింది.

ఆ పాయింటుతోనే ఓడిపోయాం.

సాయంత్రం బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. ఎవరూ రత్నంతో మాట్లాడలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను, బందరు వెళ్ళాలని నీకు లేదా అని.

"ఎందుకుండదే... నాకన్నా ఎవరికుంటది? నాది వినండని నేనే అడిగాను గదా. ఆ పిల్ల నిజం చెప్పింది. మళ్ళీ నా వంతొచ్చేసరికి నోరు మూసుకుంటే ఏం బాగుంటది?"

మాస్టారు అందరికీ జామకాయలు కొనుక్కొచ్చి, మొదటిది రత్నం చేతిలో పెట్టారు.

ఇంతలో స్కూటరు మీద రిఫరీ గారు వచ్చారు. మళ్ళీ తిట్టడానికే వచ్చారనుకున్నాం. ఆయన స్కూటరు దిగి, నేరుగా రత్నం ముందుకొచ్చి నిలబడ్డారు.

"నాక్కూడా నీ ఈడు కూతురుందమ్మా. పొద్దున వాడు మీదకొస్తే విన్నాను, నువ్వు నిమ్మళంగా చెప్తే కసిరాను. తప్పు నాది."

రోజంతా చెక్కుచెదరని రత్నం అప్పుడు ఏడ్చింది... మేమంతా దాని చుట్టూ చేరాం. బస్సు పామర్రు దాటేలోపు మళ్ళీ అందరం ఒకటైపోయాం.

హాస్టల్ సీటు రాలేదు. రత్నం చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఇప్పుడు బందరులో మొగుడూ పెళ్ళాలిద్దరూ చేపల వ్యాపారం చేసుకుంటున్నారు. మొన్న ఫోన్ చేస్తే, కూతురు కాలేజీలో కబడ్డీ ఆడుతోందని గంటసేపు దాని కబుర్లే చెప్పింది. సునీత ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. గుడివాడ వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదివి చెప్తారేమోనని చిన్న ఆశ...

ఇప్పుడు ఆటలన్నీ టీవీలోనే చూస్తున్నాం. ఏది తగిలిందో ఏది తగల్లేదో కెమెరాలు నాలుగు వైపులనుంచీ చూపిస్తున్నాయి. తీర్పులు తప్పడం తగ్గింది, మంచిదే. కానీ ఎవరూ అడక్కుండానే "తగిలిందండీ" అనే గొంతు మాత్రం వినబడి చాలా కాలమైంది...

మీ ఊరి ఆటల్లో అలాంటి గొంతు ఎవరిదైనా ఉంటే, ఆ పేరు ఇక్కడ రాయండి. రత్నానికి చదివి వినిపిస్తాను.