సుద్దముక్క పెదనాన్న

పెదనాన్న ఎవరింటికి వెళ్ళినా ముందు గోడలను పలకరిస్తారు, తర్వాతే మనుషులను. చెప్పులు విడిచి, వేళ్ళ కణుపులతో గోడ మీద టకటకా కొట్టి, "తొమ్మిదంగుళాల ఇటుక" అని తల పంకించి, అప్పుడు "బాగున్నావా?" అంటారు. ఆ తర్వాత ఫోను నెత్తిమీదికెత్తి గదిగదీ తిరిగి, వైఫై బాగా అందే చోట నేల మీద సుద్దముక్కతో సున్నా చుడతారు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కిన మనిషి. రిటైరయ్యాక ఎక్కడానికి స్తంభాలు లేక చుట్టాల నెత్తికెక్కారు.

ఒకసారి ఎవరిదో కొత్త ఇల్లు చూడబోయి, తళతళలాడే పాలరాతి మీద ఏడు సున్నాలు చుట్టి వచ్చారు. ఆ ఇంటావిడ నాలుగు నెలలు మాట్లాడలేదు.

"మాట్లాడకపోతేనేం, సిగ్నల్ అందుతోందిగా!" అన్నారాయన.

తమ్ముడి కూతురి ఇంట్లో మాత్రం ఆ సున్నాకు ఆయుష్షు ఒక్క పూటే. పెదనాన్న తిరిగి వెళ్తూ వీధి మలుపు తిరగగానే ఆమె తడిగుడ్డ అందుకునేది.

ఆ ఏడాది మొదట్లో ఆమె భర్త కొత్త రౌటర్ తెచ్చాడు. ఎనిమిది కొమ్ములతో బెదిరిస్తున్నట్టుండే దాన్ని ముందు గదిలో చేపల తొట్టి వెనక ప్రతిష్ఠించాడు. పెదనాన్న గుండె ఆగినంత పనయింది.

"నీళ్ళు సిగ్నల్‌ని తాగేస్తాయి నాయనా!"

"ఇది వైఫై ఆరు, మామయ్యగారూ! సరికొత్త తరం."

"నీ రౌటర్ ఆరే. అమ్మడి లాప్‌టాప్ పాతది, నాలుగో తరం. ఆరు ఎంత గొప్పగా మాట్లాడినా దానికి నాలుగు మాటలే తెలుసు."

"పోనీ, ఈ రౌటర్ ఇచ్చే రెండు నెట్‌వర్కుల్లో అయిదు అని ఉన్నదానికి కలుపుతాను. రెండు పాయింట్ నాలుగు కన్నా పెద్దదేగా?"

"తరం వేరు, దారి వేరు. అయిదు దారి పరుగెడుతుంది, గోడ తగిలితే చతికిలపడుతుంది. రెండు పాయింట్ నాలుగు నిదానంగా నడుస్తుంది, కానీ గోడలు దాటి వస్తుంది. పెద్ద నంబరే మంచిదా? చెప్పులు కూడా అలాగే కొంటావా?"

భర్త నవ్వేసి, భార్య లాప్‌టాప్‌ని అయిదుకే కలిపాడు.

నాలుగేళ్ళ కిందట బిడ్డ కోసం ఉద్యోగం మానేసిన ఆమెకు, ఆఖరికి ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఇంటి నుంచే చేసే పని. ఉదయం పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ముందు గదిలో భర్త ఆఫీసు మీటింగు కాబట్టి ఆమె వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుంది. ముందురోజే గదంతా కడిగింది. అలవాటు ప్రకారం, ఆ పొద్దున పెదనాన్న వచ్చి చుట్టి వెళ్ళిన సున్నాను కూడా.

మూడో ప్రశ్నకే అవతలి పెద్దమనిషి నోరు తెరిచి బొమ్మలా బిగుసుకుపోయాడు. కాసేపటికి గొంతు ముక్కలు ముక్కలుగా వినపడింది. "మీ మాట అందడం లేదమ్మా. పది నిమిషాల్లో మళ్ళీ రండి. కుదరకపోతే తర్వాతివాళ్ళని పిలుస్తాం."

ఆమె ఫోను తీసింది.

"పెదనాన్నా, సున్నా ఎక్కడ చుట్టారు?"

"తుడిచేశావుగా!"

"తుడిచాను, తర్వాత తిట్టుదురుగాని, ముందు చెప్పండి!"

"నువ్వు తుడుస్తావని తెలిసే ఇంకోటి పెట్టా. బట్టల బుట్ట జరుపు."

జరిపింది. గోడ మీద, తడిగుడ్డ ఎన్నడూ చేరని చోట, చిన్న సున్నా. కింద సుద్దతోనే రాసి ఉంది: "ఇక్కడ 2.4. అమ్మడికి చాలు." పక్కన తేదీ, మూడు నెలల కిందటిది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. మళ్ళీ ఉద్యోగం చేస్తానని మొదటిసారి నోరు విప్పితే ఇంట్లో అందరూ "చూద్దాంలే" అన్నారు. పెదనాన్న మాత్రం ఫోను పైకెత్తి వెనక గదిలోకి వెళ్ళారు. "ఇప్పుడు కూడానా!" అని ఆమె విసుక్కుంది.

బకెట్ బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, నెట్‌వర్క్ మార్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బొమ్మ కదిలింది. మాట అందింది. నలభై నిమిషాలు గడగడా జవాబులు చెప్పింది. సాయంత్రానికల్లా ఉద్యోగం వచ్చింది!

మర్నాడు పెదనాన్న వచ్చి, గోడను పలకరించి, వెనక గదిలో అడుగుపెట్టి ఆగిపోయారు. బుట్ట పక్కన నేల మీద ఎర్రటి ఆయిల్ పెయింటుతో, పళ్ళెమంత సున్నా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫోను పైకెత్తారు. "చేపల తొట్టి జరిపారా అమ్మడూ?"

"మీ అల్లుడే జరిపారు. మీ మాట నిజమేనట."

"అయితే సున్నా రెండడుగులు ఇటు రావాలి" అంటూ జేబులోంచి సుద్దముక్క తీశారు.

ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. ఈసారి తెచ్చింది తడిగుడ్డ కాదు, పెయింటు డబ్బా.