ముందు తగ్గిందెవరు

సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో మిక్సీ వేయడమన్నది ఏళ్ళుగా లేదు. ఆ వేళకు ముందు గదిలో మా ఆయన శరత్ చంద్ర ఫోనులో మాట్లాడుతుంటాడు. చట్నీకి చెనిక్కాయలు వేయించి జారులో పోసుకుని, ఆయన మాటలు అయ్యేదాకా కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. జమ్మలమడుగు నుంచి వస్తున్న బస్సులో, కూర్చున్న సీటులోనే ఆయన గుండె ఆగిపోయింది. ప్రొద్దుటూరు వచ్చిందని కండక్టరు లేపబోయాడట.

ఆయన జమ్మలమడుగులో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. సాయంత్రం పని మాత్రం జీతం లేకుండా ఊరికే చేసేది. అదేమిటో నాకు ఒకసారి చెప్పాడు. జావా అనే భాషలో ప్రోగ్రాం రాసేవాడికి తెరమీద కిటికీలు, బటన్లు కావాలంటే, వాటిని గీసే సరంజామా వేరే భాషలో ఉంటుందట. ఆ సరంజామాలు రకరకాలు. ఒక్కోదానికీ జావాకూ మధ్య ఒక్కో వంతెన కట్టాలి. ఒకటి జమ్మలమడుగులో యశ్వంత్ వాళ్ళు కడుతున్నారు, ఇంకొకటి పులివెందులలో నూరుల్లా వాళ్ళు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, లోపల విప్పి చూసుకోవచ్చు. రెండూ ఒకే పద్ధతిలో ఉండేలా, ఒకే రోజు బయటికి వచ్చేలా చూడడం ఈయన పని.

కర్మలు అయి చుట్టాలు వెళ్ళిపోయాక, నిన్న నూరుల్లా పరామర్శకు వచ్చాడు. కాసేపటికే యశ్వంత్ వచ్చాడు. ఆయన స్పీకరులో పెట్టి మాట్లాడేవాడు కాబట్టి, గొంతు విని ఇద్దరినీ నేను గుర్తుపట్టాను. వాళ్ళు మాత్రం ఒకరినొకరు గుర్తుపట్టలేదు. ఫోనులో అందరూ కలిసే మాట్లాడుకుంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. ఒకరి తర్వాత ఒకరికి చేసేవాడట. ఎప్పుడో మెయిళ్ళ రాతల్లో మాటామాటా పెరిగి, వీళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

పేర్లు తెలిశాక యశ్వంతే మొదలుపెట్టాడు.

"వచ్చే వారం రెండూ విడుదల చేయాల కదన్నా. కిటికీ తుడిచే కాడ మీరు ముందు తగ్గినారు. మేలు చేసినారు."

మూసేసిన కిటికీని కంప్యూటరు మెమరీలోంచి తుడిచే పని వంతెనదా, ప్రోగ్రాం రాసేవాడిదా అన్నది వాళ్ళ తగాదా. పెద్ద కిటికీని రాసేవాడే తుడవాలి, లోపలి బటన్లను వంతెన చూసుకోవాలి అని ఆయన ఉండగానే తేలింది.

నూరుల్లా కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నేను తగ్గేదేందప్పా? మీరు తగ్గినారంటేనే కదా నేను సరే అనింది."

"నేనా? ఎవురు చెప్పినారు?"

"శరత్ అన్న."

"నాకూ ఆయనే చెప్పినాడే, మీరు తగ్గినారని."

ఆయన ఫోనులో అనే మాట గుర్తొచ్చింది. "వాళ్ళే ముందు దిగొచ్చినారప్పా, మనం గూడా ఒక మెట్టు దిగుదాం." ఆ మాట వంటింట్లోంచి ఎన్నిసార్లు విన్నానో. ఒకే సాయంత్రం రెండుసార్లు విన్నాను. నాకు తట్టనే లేదు.

మా అత్త సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే బిత్తరపోలేదు. "శరత్ వాళ్ళ నాయన గూడా అంతే. మా ఊరు వేములలో పొలం గట్టు తగాదా వస్తే ఇద్దుర్నీ ఒకచోట కూర్చోబెట్టేవాడు కాదు. వీని కాడ వాడు దిగినాడనేవాడు, వాని కాడ వీడు దిగినాడనేవాడు."

"వాళ్ళకు తెల్సిందా అవ్వా?" అన్నాడు నూరుల్లా.

"తెల్సేటప్పటికి మనవళ్ళు సేద్యం చేస్తాండారు."

యశ్వంత్ నవ్వలేదు. సంచి తీసుకుని లేచాడు. "మేము ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు కాదింక. విడిగా పోతాం."

"పోప్పా. తగ్గడం నీకు యాడ తెల్సు?"

ఆయన ఇన్నేళ్ళు కూర్చి పెట్టింది, ఆయన కుర్చీ ముందే విడిపోతోంది.

"పద్ధతి బాగలేదా?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఆయన చెప్పింది అబద్ధమే. పద్ధతి బాగుందా లేదా అని అడుగుతాండా."

యశ్వంత్ సంచి కింద పెట్టి, "బాగనే ఉంది వదినా" అన్నాడు.

"మా దాంట్లోనూ బాగనే నడుస్తాంది" అన్నాడు నూరుల్లా, నేల చూస్తూ. తర్వాత అతనే కంప్యూటరు ముందు ఇంకో కుర్చీ వేశాడు.

ఆరయింది. "అమ్మీ, చట్నీ వేయ్, పిల్లోల్లు తినిపోతారు" అంది అత్త. చెనిక్కాయలు, మిరపకాయలు జారులోనే ఉన్నాయి. స్విచ్ మీద చేయి పెట్టాను.

"నీ మాట సగం ఒప్పుకుంటాలేన్నా, మిగతా సగం ఎందుకో చెప్పు" అంటున్నాడు యశ్వంత్ ముందు గదిలో.

చేయి తీసేసి, జారు మీద మూత పెట్టి, పీట మీద కూర్చున్నాను. అత్త మళ్ళీ కేకేసింది. లేవలేదు.